లొట్టిలో ఒక పూట, సీసాలో ముప్పై ఏళ్లు

శ్రీరాంపూర్, పొద్దుగాల



చెట్టు నుంచి లొట్టిలోకి జారే మొదటి చుక్కలో పులుపూ ఉండదు, మత్తూ ఉండదు. తాటి గెలను గీసినా, ఈత మొవ్వు కింద చెక్కినా ఊరేది తీపి నీళ్లే. అందులో నూటికి 10 నుంచి 15 పాళ్ల దాకా చక్కెర ఉంటుంది. దాన్ని కల్లు చేసేది లొట్టి. నిన్నటి కల్లు నుంచి దాని గోడలకు అంటుకున్న ఈస్టు, గాలితోనూ ఈగలతోనూ వచ్చి చేరిన బ్యాక్టీరియా ఆ చక్కెర మీద పడతాయి. రాత్రంతా ఆ పని సాగుతుంది కాబట్టి, తెల్లారి గీత కార్మికుడు మోకు వేసుకుని ఎక్కేసరికే నురగ పైకి వచ్చి ఉంటుంది.

ముందు లాక్టిక్ ఆమ్లం కొంచెం పులుపు తెస్తుంది. ఆ వెంటనే ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. నాలుక మీద చిటపటలాడేది ఆ వాయువే. పొద్దుటి కల్లు తీపి. సింగరేణి బొగ్గు గనుల్లో మొదటి షిఫ్టు దిగే వేళకు తీపి తగ్గి ఘాటు పెరుగుతుంది, ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్లకు చేరుతుంది. ఇంకో రోజు ఉంచితే గాలి సోకిన చోట ఎసిటిక్ బ్యాక్టీరియా ఆ ఆల్కహాలును వెనిగర్ చేస్తుంది. గోవాలో కొబ్బరి కల్లును కావాలనే అంతదాకా పులియబెట్టి వంటలో వాడతారు. ఇక్కడ అది పారబోసే సరుకే.

శ్రీరాంపూర్, సాయంత్రం

తెలంగాణ కల్లు కంపౌండ్లలో దాన్ని సీసాల్లోనూ అమ్ముతారు. మూత బిగించినంత మాత్రాన పులియడం ఆగదు. లోపలి ఈస్టు బతికే ఉంటుంది, వాయువు పోగై మూతను నెడుతుంది. అసలు కల్లు చాలని చోట క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు కలపడం ఈ సీసాల చుట్టూ ఉన్న పెద్ద బెడద. అది కాలం తెచ్చే మార్పు కాదు, మనిషి చేసే మోసం.

సీసాలో దశాబ్దాలు నిలిచి బాగుపడే సరుకు పోర్చుగల్‌లోని డౌరో లోయది. అక్కడి వింటేజ్ పోర్టు అనే వైన్‌లో ద్రాక్షరసం రెండు మూడు రోజులు పులిశాక, తీపి ఇంకా మిగిలి ఉండగానే 77 శాతం ఆల్కహాలున్న ద్రాక్ష సారా పోస్తారు. మొత్తం బలం 20 శాతం దరిదాపుల్లోకి రాగానే ఈస్టు చచ్చిపోతుంది. రెండు మూడేళ్లలోపే వడపోయకుండా సీసాకెత్తుతారు. ఆ తర్వాత సీసాలో సాగేదంతా రసాయన చర్యే, అదీ చాలా నిదానంగా. వగరునిచ్చే టానిన్లు, రంగునిచ్చే పదార్థాలు ఒకదానితో ఒకటి ముడిపడి బరువెక్కి అడుగుకు దిగుతాయి. నేరేడు పండు రంగు ఎరుపై, తర్వాత ఇటుక రంగుకు తిరుగుతుంది. నోరు పట్టేసే వగరు మెత్తబడుతుంది. పచ్చి పండు వాసన పోయి ఎండు పండ్లు, గింజల వాసన వస్తుంది. ఇరవై ముప్పై ఏళ్ల సీసాను కొన్ని గంటలు నిలబెట్టి, మడ్డి కదలకుండా పైతేట వేరే పాత్రలోకి వంచుకుంటారు. 1963 నాటి పోర్టును ఇప్పటికీ వెతికి కొనేవాళ్లున్నారు.

ఈస్టును చంపినందుకే దానికి అంత ఆయువు. కల్లుకు ఆ అవకాశం లేదు. సారా పోసి ఈస్టును ఆపితే అది కల్లుగా మిగలదు.

హైదరాబాద్

కల్లు కాకముందే రసాన్ని ఆపే దారి ఒకటి ఉంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ క్షారానికి సూక్ష్మజీవులు వెనక్కి తగ్గుతాయి. దించగానే చల్లబరిస్తే ఇంకొంత సేపు నిలుస్తుంది. అదే నీరా. 2023 మేలో నెక్లెస్ రోడ్డులో తెరిచిన నీరా కేఫ్ దాన్ని నగరానికి తెచ్చింది. తీపి అలాగే ఉంటుంది గానీ పొద్దుటి కల్లులోని చిటపట ఇందులో ఉండదు. చలువ పెట్టె దాటి వచ్చిందంటే మళ్లీ పులియడం మొదలే.