కాలు అందితే చాలు

నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. క్లాసిక్ 350 సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, బరువు 195 కిలోలు. "స్కూటీ కొనుక్కోమ్మా" అనని చుట్టం లేడు. నిజమే, బెంజి సర్కిల్ సిగ్నల్లో మునివేళ్ల మీద ఆ బరువు ఆపాలంటే భయమే. కాలి కింద చిన్న గుంత వచ్చినా బండి పక్కకి ఒరిగిపోతుంది.

అలాగని ముందే షాక్స్ జోలికి పోకండి. వెనకవి మాత్రమే పొట్టివి వేస్తే హ్యాండ్లింగ్ మారిపోతుంది, హెడ్‌లైట్ పైకి కొడుతుంది. సైడ్ స్టాండ్ పొడవెక్కువై బండి నిటారుగా నిలబడుతుంది, చిన్న తోపుకే అటు పడొచ్చు. స్పీడ్ బ్రేకర్లకి అడుగు తగులుతుంది.

నేను ఆటోనగర్‌లో సీటు ఒక్కటే మార్పించా. ఫోమ్ ఒక అంగుళం తీయించి, ముందువైపు అంచులు సన్నగా చెక్కించా. అసలు లాభం ఆ సన్నదనంలోనే ఉంది. తొడలు పక్కకి విచ్చుకోకుండా కాళ్లు తిన్నగా దిగుతాయి. ఫోమ్ అంతకంటే తీస్తే కరకట్ట మీద అవనిగడ్డ చేరేలోపు నడుం విరుగుతుంది. మిగతాది అలవాటే. ఆగేటప్పుడు సీటు మీద కొంచెం ఎడమకి జరిగితే ఒక పాదం పూర్తిగా ఆనుతుంది. రెండూ ఆనక్కర్లేదు.

వెనక సీటు మాత్రం పాత ఎత్తులోనే ఉంది. ఇప్పుడు ఎక్కడానికి స్టూలు అడిగేది మా అమ్మ!