కదలని సైకిలు

2023 నవంబరు నెలలో మేము సైకిలు మీద గురజాల వెళ్లాలని నిశ్చయించుకున్నాము. తుళ్లూరు నుండి అమరావతి, క్రోసూరు, సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా వెళితే వంద కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. బస్సు ఎక్కితే ఒక పూట పని. ఇంట్లో మోటారు సైకిలు కూడా ఉన్నది. అయినా సైకిలు మీదనే ఎందుకు వెళ్లదలచామో ముందుగా చెప్పాలి. లేకపోతే నలభై ఏడేళ్ల వయసులో పాస్టరుగారికి ఈ పిచ్చి ఏమిటని చదువరులు అనుకోవచ్చు. మా ఇంటావిడ అప్పటికే అన్నది.

మా నాన్నగారు పల్లెల్లో ఉపదేశిగా పనిచేశారు. 1983లో ఆయన, తోటి ఉపదేశి ఒకాయన చెరి సగం వేసుకుని ఒక అట్లాస్ సైకిలు కొన్నారు. ఒకరు తొక్కితే ఒకరు వెనుక క్యారియర్ మీద కూర్చునేవారు. హ్యాండిలుకు ఒక సంచి, అందులో బైబిలు, పాటల పుస్తకము, సద్ది మూట. కొన్నేళ్లకు ఆ తోటి ఉపదేశిగారికి పల్నాడు వైపు బదిలీ అయింది. సైకిలు నాన్నగారి దగ్గర ఉండిపోయింది గనుక ఆయన వాటా సొమ్ము నాన్నగారు కొద్దికొద్దిగా తీర్చుతూ వచ్చారు. 2019లో నాన్నగారు ప్రభువు సన్నిధికి చేరిన తరువాత పాత డైరీలు తిరగవేస్తుంటే ఒక పేజీలో "గురజాల అన్నకు సైకిలు బాకీ రూ. 140" అని ఆయన చేతివ్రాత కనబడింది. తీరిన ప్రతి అప్పు మీద నాన్నగారు ఎర్రసిరాతో అడ్డగీత గీసేవారు. దీని మీద గీత లేదు.

కరోనా రోజులు, ఇతర పనులు అడ్డుపడి నాలుగేళ్లు గడిచిపోయాయి. చివరికి ఆ పెద్దాయన ఫోను నంబరు దొరికింది. ఎనభై అయిదు దాటినవి. చూపు బొత్తిగా తగ్గింది. సంగతి చెబితే పెద్దగా నవ్వి, "పోస్టులో పంపితే తీసుకోను నాయనా. ఆ సైకిలు ఇంకా ఉందన్నావుగా, దాని మీద వచ్చి ఇవ్వు" అన్నారు. నవ్వులాటకే అన్నారేమో గాని మాకు ఆ మాట మనసులో నాటుకుంది.

సైకిలు పశువుల కొట్టంలో దూలానికి వేలాడుతూ ఉన్నది. దించి చూస్తే టైర్లు పగిలి, సీటు ఎలుకలు కొరికి, చైను ఒకటే తుప్పుముద్దగా ఉన్నది. సైకిలు రిపేరు చేసేవారు ఊళ్లో కరువైపోయారు. మోటారు సైకిళ్ల మెకానిక్కులు వీధికి ఇద్దరు కనిపిస్తారు. గుంటూరు వెళ్లి టైర్లు, ట్యూబులు, చైను, ఫ్రీవీలు, బ్రేకు రబ్బర్లు తెచ్చాము. అట్లాస్ కంపెనీ వారి సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినము నాడే మూతపడింది. అయినా ఈ సామానులు అన్ని సైకిళ్లకూ ఒకటే గనుక చిక్కు రాలేదు. హబ్బులు విప్పి, గోళీలు కిరసనాయిలులో కడిగి, గ్రీజు పెట్టి బిగించాము. బెల్లు మాత్రం నాన్నగారి నాటిదే. నిమ్మచెక్కతో రుద్దితే మెరిసింది.

డిసెంబరు 4 సోమవారం తెల్లవారుజామున బయలుదేరి, దారిలో సత్తెనపల్లిలో ఒక రాత్రి ఆగి, గురువారానికి తిరిగి వచ్చి క్రిస్మస్ పనులలో పడాలని లెక్క వేసుకున్నాము. మా ప్రాంతములో చలి అంటే కోటు తొడిగే చలి కాదు. తెల్లవారుజామున కృష్ణ మీదనుంచి మంచు పాకి వచ్చి, ఎనిమిది గంటలకు విడిపోతుంది. సైకిలు తొక్కడానికి ఇంతకంటే మంచి కాలము లేదు.

ఆ యేడు వానలు చాలలేదు. సాగర్‌లో నీరు అడుగంటింది. నవంబరు 30న ఆ డ్యాము మీద కుడి కాలువ నీటి కోసం రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడేదాకా వచ్చింది. పల్నాడు మిరప రైతులు ఒక్క తడి కోసం ఆకాశం వంక చూస్తున్నారు. ఆ వారములోనే బంగాళాఖాతములో వాయుగుండము పుట్టింది. ఆదివారం ఆరాధన ముగిసి బయటకు వచ్చేసరికి దానికి మిచౌంగ్ అని పేరు కూడా పెట్టేశారు. సంఘ పెద్ద ఒకాయన ఆకాశము చూసి, "అయ్యగారూ, రేపటి మాట మరచిపోండి" అన్నారు.

సోమవారం తెల్లవారుజామున నాలుగింటికే లేచాము. సంచి కట్టి ఉన్నది. వాన సన్నగా మొదలైంది. ఇంత వానకు ఆగుతామా అని సైకిలు వాకిట్లోకి తీస్తుండగా మా అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె పుట్టిల్లు రేపల్లె వైపు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచిన రాత్రి ఆ ఊళ్లో ఉన్న మనిషి. "ఒరే అబ్బాయీ, తుపాను అన్నాక గడప దాటితే నా మీద ఒట్టే" అన్నది. ఆమెతో వాదించలేము. సైకిలు మళ్లీ వరండాలోకి ఎక్కింది.

మంగళవారం మధ్యాహ్నము తుపాను బాపట్ల దగ్గర తీరము దాటింది. గంటకు తొంభై, వంద కిలోమీటర్ల గాలి అని చెప్పారు. మాకు అక్కడంత ఉధృతం లేకపోయినా వేపచెట్టు కొమ్మ విరిగి రేకుల మీద పడింది. కరెంటు పోయింది. ఫోనులో చార్జింగు పోయింది. ఇక చేసేదేమీ లేదు. నిజము చెప్పాలంటే ఆ రోజులలో మేము ఇంట్లోవారికి భరించరానివారమైపోయాము. సంచిని విప్పి కట్టి, కట్టి విప్పి, ఒక చొక్కా తీసి ఒకటి పెట్టి, పంపు ఎక్కడ పెట్టారని పిల్లలను కసిరి, పది నిమిషాలకొకసారి వాకిట్లోకి వెళ్లి ఆకాశము చూసి వచ్చేవారము. కదలని సైకిలుకు రోజుకు రెండుసార్లు గాలి కొట్టాము. కొబ్బరినూనె గిన్నె చైనుకు వాడేశామని మా ఇంటావిడ అడిగితే గట్టిగా కేకలు వేశాము. ఆమె ఏమీ అనలేదు. సాయంత్రం, "మీరు వెళ్లలేక మమ్మల్ని తొక్కుతున్నారండీ" అన్నది. అంతే.

ఆ మాటకు ఏమి జవాబు చెప్పాలా అని బెల్లు తుడుస్తూ కూర్చున్న వేళ సంఘములోని ఒక అక్క, ఇద్దరు పిల్లలతో గోనెపట్టా కప్పుకుని వచ్చింది. మూడు రోజులుగా పని లేదు, ఒక శేరు బియ్యము ఉంటే ఇమ్మన్నది.

ఇక్కడ మా ఊరి సంగతి కొంచెము చెప్పాలి. తుళ్లూరు చుట్టుపట్ల 29 గ్రామాల రైతులు 2015 నుండి రాజధాని కోసం 33 వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు. భూమి ఇచ్చినవారికి కౌలు అని ఒకటి వస్తుంది. భూమి లేనివారికి ఆనాడు నెలకు రెండున్నర వేల పింఛను. పత్తి, మిరప, కూరగాయలు పండిన నేలలో పని పోయింది. చాలా చోట్ల ముళ్లకంప పెరిగింది. మా సంఘములోని స్త్రీలలో ఎక్కువమంది తెల్లవారకముందే ఆటోలు ఎక్కి క్రోసూరు, పెదకూరపాడు వైపు పత్తి తీతకు, తరువాత మిరపకోతకు వెళ్లి చీకటిపడ్డాక వస్తారు. సైకిలు మీద మేము వెళ్లాలనుకున్న దారి వారికి రోజువారీ దారి. వాన నిలిచేదాకా ఆటో కదలదు. నిలిచాక కూడా తడిసిన పత్తి ఆరితేగాని చేలోకి రమ్మనరు.

మాకు మూడు రోజులు ప్రయాణము ఆగితే ఇల్లు అదిరిపోయింది. ఆమె బియ్యము కొంగులో పోయించుకుని, "అయ్యగారూ, సైకిలు బాగుందండీ, మా నాయనకూ ఇట్లాంటిదే ఉండేది" అని చెప్పి వెళ్లింది.

గురువారానికి తెరిపి ఇచ్చింది. గురజాల మాట ఎత్తకుండానే సైకిలు తీశాము. సంఘస్థులలో ఇల్లు ఉన్నవారు తలా కొంచెము బియ్యము, పప్పు ఇస్తే క్యారియర్ మీద మూటలు కట్టి చుట్టుపక్కల పల్లెలకు, కంప మధ్య బురద దారుల్లో నాలుగు రోజులు తిరిగాము. చేలల్లో పత్తి నేలకు వాలి నల్లబడింది. మొదటి కోత మిరపకాయ కల్లాములలో పట్టాల కింద చెమర్చి తాలుకాయగా మారుతున్నది. నీళ్లు లేవని ఏడ్చిన రైతు వారము తిరగకుండా నీళ్లు తోడిపోయడం చూశాము. మూడో రోజున రెండు బస్తాలు ఒకేసారి వేసుకున్నాము. ఆశ ఎక్కువ. ఒక గోతిలో దిగబడి వెనుక చక్రము వంకర తిరిగింది, నాలుగు పుల్లలు విరిగాయి. సైకిలును భుజాన మోసుకుని ఇంటికి చేరేసరికి మా అబ్బాయి పగలబడి నవ్వాడు. మాకు మాత్రము నవ్వు రాలేదు.

తరువాత క్రిస్మస్ వచ్చిపడింది. క్యారల్స్, ట్రీ, నాటికలు, ఇంటింటి ప్రార్థనలు. మధ్యలో ఫోను చేస్తే పెద్దాయన ఎత్తలేదు. నాలుగు రోజులు వరుసగా చేశాము. మోగి మోగి ఆగిపోయేది. సైకిలు కోసం చూస్తూ కూర్చోక బస్సులో వెళ్లి చూసి ఉంటే ఏమి పోయేదని రాత్రులు నిద్ర పట్టేది కాదు. నూట నలభై రూపాయలు ఒక కవరులో పెట్టి డైరీలో ఉంచాము. అయిదో రోజున ఆయన కోడలు ఎత్తింది. తుపాను చలికి మామయ్యగారికి జ్వరము పట్టిందనీ, తగ్గిందనీ, "సైకిలు వచ్చిందా" అని అడుగుతున్నారనీ చెప్పింది.

సంక్రాంతి సెలవులలో, 2024 జనవరి 17న బయలుదేరాము. ఆలస్యమైనందువల్ల తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి కూడా తన సైకిలుతో రాగలిగాడు. మంచు దట్టముగా ఉన్నది. ముందు చక్రము తప్ప ఏమీ కనబడలేదు. వాన పెద్దదైతే పెదమద్దూరు దగ్గర వాగు దాటడము కష్టమని ఈ దారిన తిరిగే వారందరికీ తెలుసు. ఆ పూట మాత్రము వాగు బుద్ధిగా ఉన్నది. అమరావతి చేరేసరికి జిల్లాయే మారిపోయింది. 2022లో విడదీసినప్పుడు అమరావతి ఊరు పల్నాడు జిల్లాలోకి, అమరావతి పేరు పెట్టుకున్న రాజధాని పల్లెలు గుంటూరు జిల్లాలోకి వెళ్లాయి. మా అబ్బాయికి ఇది ఎంత చెప్పినా అర్థము కాలేదు. క్రోసూరు దాటాక ఎర్రటి కల్లాములు. మా సంఘపు ఆటో ఒకటి మమ్మల్ని దాటుతూ హారను కొట్టింది. లోపలివాళ్లందరూ చేతులు ఊపారు. మరునాడు పిడుగురాళ్ల సున్నపుబట్టీల తెల్లదుమ్ము మీద పడగా, పిండిలో పొర్లినవారివలె గురజాల చేరాము.

ఫాదర్ హయ్యర్ దొరగారు అమెరికానుండి వచ్చి 1842 జూలై 31న గుంటూరు చేరి, 1849లో ఈ గురజాలకే మకాము మార్చారు. గుంటూరు చేరేనాటికి ఆయన వయస్సు నలభై తొమ్మిది. ఈ మాట దారిలో మోకాళ్లు నొప్పి పుట్టినప్పుడల్లా మా అబ్బాయికి చెప్పాము. ఆయన సైకిలు తొక్కలేదు కదా నాన్నా అన్నాడు.

పెద్దాయన వాకిట్లో నులకమంచము మీద కూర్చుని ఉన్నారు. బెల్లు కొట్టగానే ముఖము ఇటు తిప్పారు. కవరు చేతిలో పెడితే నోట్లు తడిమి లెక్కపెట్టి, ఒక ఇరవై తీసి మా చేతికి తిరిగి ఇచ్చారు. "నూట ఇరవయ్యే రా నాయనా. రేపల్లె కూటములప్పుడు మీ నాన్న ఇరవై ఇచ్చాడు. రాసుకోవడము మరచిపోయాడు."

తరువాత సైకిలు దగ్గరికి నడిపించమన్నారు. సీటు, హ్యాండిలు, బెల్లు ఒక్కొక్కటే తడిమారు. స్టాండు వేయించి వెనుక చక్రము తిప్పి, రిమ్ము పక్కన వేలు ఆనించి విన్నారు. "వంకర పోలేదు ఇంకా. ఎవడు రా దీని మీద అంత బరువు వేసింది?" అన్నారు.

మా అబ్బాయి మా వంక చూశాడు.