వాన లెక్క

2020 అక్టోబరు 13న కురిసిన కుండపోతకు చంపాపేట్ పొరుగున సరూర్‌నగర్ చెరువు పొంగి, దిగువ కాలనీలు జలమయమయ్యాయి. అటువంటి వానను స్వయంచాలక వర్షమాపకం చినుకు చినుకుగా లెక్కిస్తుంది. లోపలి చిన్న తొట్టె నిండి ఒరిగిన ప్రతిసారీ డేటా లాగర్ ఆ క్షణాన్ని నమోదు చేసుకుంటుంది. అయితే దాని జ్ఞాపకశక్తి పరిమితం. అది నిండితే కొన్ని యంత్రాలు రాయడం మానివేస్తాయి. మరికొన్ని పాత లెక్కపైనే కొత్తది రాస్తాయి. రెండవదే ఎక్కువ ప్రమాదకరం. పైకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది మరి! కనుక నేర్పరి అయిన ఉద్యోగి లెక్కను ముందు కంప్యూటరులోకి దించి, సరిచూసి, గడియారం దిద్ది, ఆ పిమ్మటనే రీసెట్ చేస్తాడు. తాళపత్రం శిథిలం కాకముందే ప్రతి రాసుకున్న లేఖకుల జాగ్రత్త వంటిదే ఇది. ఈ వరుస తప్పితే, రోజు మొత్తం వాన మరొకచోట దొరికినా, ఏ గంటలో ఎంత కురిసిందో తెలియదు. వరదకాలువ వెడల్పును ఇంజనీరు ఊహతో నిర్ణయించవలసి వస్తుంది.