ముందు గుణకారం, తర్వాతే కారణాంకం

ఎనిమిదో తరగతికి కారణాంక విభజన చెప్పబోతున్నారా? అయితే మొదటి పీరియడ్‌లో ఆ పాఠం తెరవకండి. (ఎక్స్ + 2)(ఎక్స్ + 3) లాంటివి బోర్డు నిండా రాసి గుణించమనండి. జవాబు ఎక్స్² + 5ఎక్స్ + 6. ఆ 5 ఎక్కణ్ణుంచి వచ్చిందో, 6 ఎక్కణ్ణుంచి వచ్చిందో పిల్లలే పసిగట్టేదాకా ఆగండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా బడిలోని పెద్ద లెక్కల మాస్టారు నేర్పిన పద్ధతిది. గుణించడం బాగా వచ్చినవాడే విడగొట్టగలడని ఆయన నమ్మకం. ఇప్పుడు నాదీ అదే.

లెక్క చూడగానే ముందు ఉమ్మడి కారణాంకం బయటికి తీయించాలి. 6ఎక్స్² + 9ఎక్స్ ఇస్తే చాలామంది 3(2ఎక్స్² + 3ఎక్స్) దగ్గర ఆగిపోతారు. బ్రాకెట్‌లో ఇంకేమైనా ఉమ్మడిగా ఉందా అని అడిగితే చాలు, 3ఎక్స్(2ఎక్స్ + 3) వాళ్లే రాసేస్తారు. 3ఎక్స్ + 3ని 3(ఎక్స్ + 0) అని రాసేవాళ్లూ ఉంటారు. వెంటనే ఎర్రసిరాతో కొట్టెయ్యకండి. తిరిగి గుణించమనండి. 3ఎక్స్ ఒక్కటే వస్తుంది, పోయిన 3 కోసం వాళ్లే వెతుక్కుంటారు.

మధ్య పదం విడగొట్టడంలోనే అసలు పనితనం ఉంది. 6ఎక్స్² + 17ఎక్స్ + 5 తీసుకోండి. మొదటి గుణకాన్ని, చివరి సంఖ్యను గుణిస్తే 30. లబ్ధం 30, మొత్తం 17 అయ్యే జత కావాలి. గాల్లో వెతకనివ్వకుండా జతలు వరసగా రాయించండి: 1, 30; 2, 15. దొరికింది. ఎక్కాలు వచ్చిన పిల్లలకు ఇది క్షణాల పని. 6ఎక్స్² + 2ఎక్స్ + 15ఎక్స్ + 5 అని రాసి, మొదటి జంటలో 2ఎక్స్, రెండో జంటలో 5 బయటికి తీస్తే రెండుచోట్లా 3ఎక్స్ + 1 మిగులుతుంది. జవాబు (3ఎక్స్ + 1)(2ఎక్స్ + 5). జంటల్లోంచి ఉమ్మడివి బయటికి తీశాక మిగిలిన రెండు బ్రాకెట్లూ ఒకేలా రాలేదంటే ముందు మైనస్ గుర్తులు చూసుకోమనండి.

ఈ లెక్కకే ఓసారి, ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి లేచి "నాది కరెక్టే సార్" అంది. ఎలా తెలుసంటే, ఎక్స్ బదులు 1 వేసి చూపించింది. అటు 28, ఇటు 4 × 7. క్లాసంతా చప్పట్లు కొట్టింది. అక్కడే ఇంకో మెట్టు ఎక్కించాను. 0 వేస్తే రెండువైపులా 5, 2 వేస్తే రెండువైపులా 63. వర్గ బహుపదులు మూడు వేర్వేరు విలువల దగ్గర సరిపోతే అవి రెండూ ఒకటేనని రుజువైనట్టే.

పదో తరగతి వర్గ సమీకరణాల్లో ఈ పాఠమే చెయ్యందిస్తుంది. అందుకే తొందరపడకండి. నా టిక్కు కోసం చూడకుండా తన జవాబు తనే తేల్చుకున్న పిల్లకు పాఠం వచ్చినట్టు. మీ క్లాసులో ప్రతి పిల్లనూ అక్కడిదాకా తీసుకెళ్లండి.