కప్పి, కాచి

మాది తెనాలి. మూత తీయకుండానే, వాసన పట్టి, దోసెల పిండి ఎంత పులిసిందో చెప్పగలనని నాకో గర్వం ఉండేది. ఆయనకి బదిలీ అయి ఎర్నాకుళంలో కాపురం పెట్టాక, ఒక్క అప్పం ఆ గర్వాన్ని అణిచేసింది.

ఈస్టర్ పొద్దున పక్కవాటా చేచి పళ్లెంలో పాలప్పాలు, గిన్నెలో ఇష్టూ పట్టుకొచ్చింది. చేచి అంటే అక్క. 50 రోజులు మాంసం ముట్టని నోము ఆ పూటతో తీరుతుందట. అప్పం అంటే నాకు తెలిసింది ఆంజనేయస్వామికి నైవేద్యం పెట్టే బెల్లం అప్పాలే. ఇది వేరు. అంచు జల్లెడలా పల్చగా, నడుమ ఇడ్లీ పొట్టలా ఉబ్బి ఉంది. కొబ్బరిపాల కూరలో ముంచి నోట్లో పెట్టుకుంటే నమిలే పనే లేదు.

ఎలా చేస్తారని అడిగాను. నాకర్థం కావాలని ఒక్కో మాటా నిదానంగా చెప్పింది: బియ్యం నానబెట్టి, కొబ్బరి వేసి రుబ్బి, "కప్పి కాచి చేర్క్కణం, మోళే." మోళే అంటే అమ్మాయీ అని. మలయాళం ఇంత తేలికా అని మురిసిపోయాను. కప్పి, కాచి! పిండి మీద గుడ్డ కప్పి, జాగ్రత్తగా కాచుకుని ఉండాలన్నమాట.

కప్పాను. మొదట తువ్వాలు, మర్నాడు తువ్వాలు మీద దుప్పటి. ఎర్నాకుళం ఉక్కలో, కొబ్బరి కలిసిన పిండికి దుప్పటి! తెల్లారేసరికి పుల్లటి కంపు. పిండిలో ఈస్ట్ చిటికెడు సరిపోలేదేమోనని చెంచాడు వేసిన రోజున గిన్నె పొంగి గట్టంతా పారింది, వంటిల్లు కల్లు దుకాణంలా వాసన కొట్టింది. ఆ వాసన ఊరికే రాలేదు. చేచి వాళ్లమ్మ రోజుల్లో పిండి పొంగడానికి కొబ్బరి కల్లే పోసేవారట.

మినప్పప్పు లేని అట్టు నా చేతికి నమ్మకం కలిగించలేదు. చేచి చెప్పకపోయినా గుప్పెడు వేసి రుబ్బాను. పెనం మీద గరిటెతో తిప్పి పల్చగా పరిచాను, అట్లకాడతో తిరగేశాను కూడా. వచ్చింది దోసె, అదీ చప్పటి దోసె. బియ్యం మార్చాను. రెండు చెవుల అప్పచట్టి కొన్నాను. దానికి నూనె ఎక్కువ రాస్తే పిండి అంచుకి పట్టకుండా జారి అడుగున ముద్దయింది.

తప్పు చట్టిది, బియ్యానిది, ఈస్ట్‌ది. చివరికి చేచిది. "ఏదో ఒకటి దాచిపెట్టి చెప్పిందమ్మా, ఎవరి చేతి గుట్టు వాళ్లు బయటపెడతారా" అని అమ్మతో ఫోన్‌లో అన్నాను. ఆ సాయంత్రమే చేచి ఇచ్చిన పనసతొనలు తింటూ అన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేసేది పాడైన పిండికి కాదు, ఆ మాటకి.

ఓ రాత్రి పెరుగు తోడుకోసం వాళ్లింటికెళ్తే ఆవిడ అప్పం పిండి రుబ్బుతోంది. అప్పుడు తట్టింది, నేను చూసిందెప్పుడూ పొద్దుటి వేడి అప్పాన్నే. అసలు పని రాత్రి జరుగుతుంది. రుబ్బిన పిండిలోంచి రెండు గరిటెలు తీసి, గ్లాసుడు నీళ్లు కలిపి, సన్నని సెగ మీద గంజిలా చిక్కబడేదాకా కలియబెట్టింది. అదేమిటని అడిగాను. నన్ను వింతగా చూసి, "కప్పి" అంది. కాచడమంటే మనం పాలు కాచినట్టే, పొయ్యి మీద.

అంటే మొదటిరోజే అన్నీ చెప్పింది. నా చెవే ఆ మాటని తెలుగు చేసేసుకుంది.

దోసెపిండిలో బుడగల్ని పట్టి ఉంచేది మినప్పప్పు జిగురు. అప్పంలో ఆ పని ఈ ఉడికిన గంజి చేస్తుంది. పట్టి ఉంచేదొకటి కావాలన్న నా అనుమానం నిజమే. అదేమిటో ఆవిడని అడగకుండా మా ఇంటి డబ్బాలో వెతికాను.

మర్నాడు కప్పి కాచి, ఆత్రంతో పొగలు కక్కుతుండగానే పిండిలో పోశాను. ఆ వేడికి ఈస్ట్ చచ్చి పిండి ఉలకలేదు. చల్లారబెట్టాలని కూడా చేచి చెప్పే ఉంటుంది. ఈసారి వెళ్లి అడిగాను, విన్నాను.

ఇప్పుడు నా లెక్క ఇది. మామూలు బియ్యం 2 గ్లాసులు, ఉప్పుడు బియ్యం కాదు. 4 గంటల నాన. లేత కొబ్బరి తురుము 1 గ్లాసు. కప్పి వేలు పెడితే గోరువెచ్చగా తగలాలి. ఈస్ట్ పావు చెంచా, పంచదార 2 చెంచాలు. 8 గంటలు చాలు, ఎండాకాలం ఇంకా ముందే చూసుకోవాలి. ఉప్పు పొద్దున్నే. పొంగిన పిండిని గిలక్కొట్టకుండా మెల్లగా కలపాలి, లేకపోతే రాత్రంతా పట్టిన గాలి ఒక్క నిమిషంలో పోతుంది. దోసెపిండి కన్నా జారుగా ఉండాలి. పోశాక తిరగాల్సింది గరిటె కాదు, చట్టి. చెవులు గుడ్డతో పట్టుకుని ఒక్క చుట్టు తిప్పి, మూతపెట్టి, తిరగేయకుండా తీసేయడమే.

అమ్మతో అన్న మాట చేచికి నేనెప్పుడూ చెప్పలేదు. మొదటిసారి అంచు కుదిరిన అప్పాలు మాత్రం ఆవిడకే తీసుకెళ్లాను. తిని, "ఉప్పు తక్కువ, మోళే" అంది.

మొన్న అమ్మ ఫోన్ చేసింది. "ఇంతకీ ఆ గుట్టేమిటే?" అంది. "గుట్టేం లేదమ్మా, కప్పి కాచి వేయాలి, అంతే" అన్నాను.

"దుప్పటి చాలా, రగ్గు కూడా కప్పాలా?" అంది అమ్మ.