వినకముందే ఆమేన్

సంఘకాపరిగా చాలాకాలం దాచుకొన్న తప్పొకటి చెబుతాను.

ఒక సాయంత్రం మా సంఘంలోని ఒక తల్లి వచ్చి, తాగుడుకు బానిసైన కొడుకు గురించి చెప్పసాగింది. రెండు మాటలైనా పూర్తి కాకుండానే నేను కళ్ళు మూసుకొని, వాడి మారుమనస్సు కోసం ప్రార్థన అందుకొన్నాను. ఆమేన్ అన్నాక ఆవిడ మెల్లగా, "నిన్న వాడు నన్ను కొట్టాడండీ అయ్యగారూ. అది చెప్పుకుందామనే వచ్చాను" అంది.

యోబు స్నేహితులను మనం ఊరకే ఆడిపోసుకుంటాం. పాపం, వాళ్ళు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితో నేలమీద కూర్చుని నోరు మెదపలేదు. నేను ఏడు నిమిషాలు ఆగలేకపోయాను!

జర్మనీలో తాను నడిపిన ఫింకెన్‌వాల్డె సెమినరీని గెస్టపో 1937లో మూయించాక, అక్కడి సహజీవనాన్ని తలచుకొంటూ బాన్‌హోఫర్ రాసిన 'లైఫ్ టుగెదర్' 1939లో వెలువడింది. తోటివారికి మనం చేయవలసిన మొదటి సేవ వినడమేనంటాడందులో. ఆ మాట నేను పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకొన్నాను. కానీ దేవుని మాట ఎప్పుడూ నా నోటనే సిద్ధంగా ఉంటుందన్న ధీమా నా చెవులు మూసేసింది. భక్తి వేషంలో వచ్చే గర్వాన్ని పోల్చుకోవడం కష్టం సుమండీ.

ఆ రాత్రే ఆవిడ ఇంటికి వెళ్ళాను, బైబిలు లేకుండా. పీట వేసింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.