ముందు నీళ్లు, తరవాతే గుడ్డ

ఆదివారం సాయంత్రం మధురవాడలో హైవే పక్కనున్న వాటర్ వాష్ షాపు ముందు నిలబడితే, ఏ బండి ఎక్కణ్ణించి వస్తోందో దాని రంగే చెప్పేస్తుంది. అరకు నుంచి తారు రోడ్డు మీదే దిగి పెందుర్తి, ఆనందపురం మీదుగా వచ్చిన బండికి మడ్‌గార్డు దాకానే ఎరుపు. వంజంగి కొండెక్కి వచ్చినదానికి హెడ్‌లైటు దగ్గర్నుంచి నంబరు ప్లేటు దాకా ఎరుపే. పోర్టు దగ్గర పాత ఊరి వాళ్ల స్కూటర్లయితే బొగ్గు దుమ్ముతో నల్లగా వస్తాయట. షాపాయన చెప్పిన లెక్క ఇది.

నేను వెళ్లేసరికి ఒక హిమాలయన్ 450 వచ్చి ఆగింది. నడిపేది రుషికొండలో ఉద్యోగం చేసే కుర్రాడు. పాడేరు వైపు మట్టి దారులన్నీ తిరిగొచ్చాడు. హెల్మెట్ తీస్తూనే జేబులోంచి గుడ్డ లాగి ట్యాంకు తుడవబోయాడు.

“ఏటి బాబూ, గుడ్డ తీసేయ్! ముందు తడవనియ్యి. ట్యాంకు గీరుకుపోద్ది” అని షాపాయన కేకేశాడు.

ఆ కేకలో బోలెడు భూగర్భశాస్త్రం ఉంది. మన తూర్పు కనుమల కొండల్లో ఎక్కువగా కనిపించేది ఖోండలైట్ రాయి. అందులో క్వార్ట్జ్, గార్నెట్ కలిసి ఉంటాయి. రాయి శిథిలమై మట్టయ్యేటప్పుడు ఇనుము తుప్పు పట్టి ఎర్ర రంగొస్తుంది కానీ, ఆ గట్టి రేణువులు చాలావరకు అలాగే మిగిలిపోతాయి. గార్నెట్‌తో గరుకు కాగితం తయారుచేస్తారు. అలాంటి దుమ్మును పొడిగుడ్డతో రుద్దడమంటే పెయింటుకు చేజేతులా గరుకు కాగితం పెట్టడమే.

వెంటనే నీళ్లు కూడా కొట్టలేదు. ఇంజను చల్లారాలన్నాడు. ఈలోగా టీ వచ్చింది. తరవాత సైలెన్సర్ మూతికి పాలిథిన్ కవరు చుట్టి, రబ్బరు బ్యాండు వేశాడు. పిచికారీ గన్ను చక్రాల మీద, మడ్‌గార్డు లోపల మాత్రమే ఆడించాడు. రేడియేటర్ దగ్గరికి రాగానే గన్ను పక్కన పడేసి మామూలు పైపు అందుకున్నాడు. ఆ పల్చటి రేకులు జోరు నీళ్లకు వంగిపోతే గాలి ఆడదు, ఇంజను వేడెక్కుతుంది. చక్రం బేరింగులు, ముందు షాకబ్జర్ సీళ్లు, మీటరు, తాళం కన్నం, వీటికీ పైపు నీళ్లే. దుమ్ము కంటే కడుగుడే ఎక్కువ బళ్లను పాడుచేస్తోందని ఆయన వాదన. చూశాక నాకూ అదే నిజమనిపించింది.

షాంపూ నురగ పట్టించాక, కుర్రాడు బండికి పక్కన బిగించిన సామాను డబ్బాల మీది మట్టి మాత్రం ఉంచమన్నాడు, ఫొటోలకట. “ఉప్పు గాలి ఊరు బాబూ ఇది. ఆ మట్టి చెమ్మ పట్టి కూకుంటాది, కింద బోల్టు తుప్పు పట్టేస్తాది” అంటూ ఆయన నవ్వుతూనే కడిగేశాడు. అక్కడే డబ్బాల ఫ్రేము బోల్టొకటి వదులై వేలితోనే తిరుగుతూ కనిపించింది. ఘాట్‌లో ఊడిపోయుంటే ఏమయ్యేదో!

అసలు పని చైను దగ్గర. వెనక చక్రం స్టాండు మీద లేపి, ఇంజను ఆపే ఉంచి, న్యూట్రల్‌లో చక్రాన్ని చేత్తో తిప్పుతూ కిరసనాయిల్లో ముంచిన బ్రష్షుతో లింకు లింకూ రుద్దాడు. పాత లూబు, ఎర్ర దుమ్ము కలిసి కాటుకలా ముద్దలు ముద్దలుగా కింది రేకులో పడింది. పెట్రోలైతే ఇంకా తొందరగా వదులుతుంది కదా అన్నాను. వదులుతుంది, కానీ లింకుల మధ్య గ్రీజును పట్టి ఉంచే సన్నటి రబ్బరు రింగుల్ని తినేస్తుందట. బనియన్ గుడ్డతో పొడిగా తుడిచి, చైను లోపలి వైపు లూబు కొట్టాడు. ఎక్కువైనది మళ్లీ తుడిచేశాడు. తుడవకపోతే రేపటి దుమ్మంతా దానికే అతుక్కుంటుంది.

ఎయిర్ ఫిల్టర్ కూడా తీసి చూపించాడు. కాగితం మడతల మీద గంధం పూసినట్టు ఎరుపు. నేలకు మెల్లగా తడితే పొడి రాలింది. ఇక దీని పని అయిపోయింది, కొత్తది వేసుకోమన్నాడు. కాగితం ఫిల్టరును కడగకూడదు. బయటి వైపు నుంచి గాలి కొడితే దుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది.

కడిగిన నీళ్లు ఎటు పోతాయని అడిగితే గెడ్డ వైపు చెయ్యి చూపించాడు. ఇంత శ్రద్ధగల మనిషి దగ్గర నాకు నచ్చనిది అదొక్కటే.

డిస్కులు తడిగా ఉన్నాయి కనక కొమ్మాది దాకా నెమ్మదిగా వెళ్లి, బ్రేకులు కొద్దికొద్దిగా నొక్కుతూ రమ్మని కుర్రాణ్ని పంపాడు. ఈలోగా ఒక బుల్లెట్ వచ్చి ఆగింది.

“డీజిల్ కొట్టు గురూ, ఇంజను మెరవాలి.”

“కొట్టను బాబూ. రబ్బర్లు ఉబ్బిపోతాయి, రేపటికి దుమ్మంతా దానికే పడతాది. షాంపూ వాషయితే ఉండు, లేదా వేరే షాపు చూసుకో.”

బుల్లెట్టాయన కాసేపు గొణిగి, చివరికి ధర అడిగాడు.